రెండు మడతల గుడ్డ

తాళ్లకుంట
4 ఫిబ్రవరి 1996

ఇందిర వదినకు,

ఈ ఉదయం అమ్మ వెండి పట్టీలు చింతపండుతో తోముతోంది. నిన్న కూడా తోమింది. రాత్రి గాలి వాగు వైపు నుంచి వీస్తే తెల్లారేసరికి పట్టీలు నల్లబడతాయి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. చింతపండు మాత్రం త్వరగా అయిపోతోంది.

నీకొక వార్త. సర్పంచి పోచయ్య పెదనాన్న నన్ను వాగు నీళ్ల కమిటీకి కార్యదర్శిని చేశాడు. ఎగువన ఉన్న మందుల కంపెనీ వాళ్లు, ప్రభుత్వం తరఫున ఒక అధికారి, మా ఊరివాళ్లు కలిసి ఒప్పందం రాసుకున్నారు. కంపెనీ తన తూము దగ్గర ఒక పెద్ద తొట్టి కట్టించింది. మురికి నీళ్లు అందులో నిలిచి, మడ్డి అడుక్కు చేరాక, పైనీళ్లే వాగులోకి వస్తాయట. అది నిజమో కాదో తెలుసుకోవడానికి ఫిబ్రవరి నుంచి మే దాకా నెలకోసారి వాగు నీళ్లు పరీక్షకు పంపాలి. నాలుగు నెలలూ మడ్డి హద్దులోపలే ఉంటే తూము శాశ్వతంగా అక్కడే ఉంటుంది. ఒక్క నెల హద్దు దాటినా తూము మూసేసి, మురికినంతా ట్యాంకర్లలో శుద్ధి కేంద్రానికి తోలుకోవాలి. రంగు, వాసన, ఉప్పు ఈ ఒప్పందంలో లేవు. అవి రెండో దశలోనట.

నీళ్లు ఊరివాళ్లే పట్టాలని పోచయ్య పెదనాన్న పట్టుబట్టాడు. కంపెనీవాళ్లు పడితే ఎక్కడివి పడతారో ఎవరికి తెలుసు అన్నాడు. అది ఒక్కటే మేము గెలిచింది.

నన్నెందుకు వేశారంటే ఊళ్లో బీయస్సీ కెమిస్ట్రీ చదివింది నేనొక్కదాన్నే. "మాట్లాడేదేం ఉండదు బిడ్డా, రాసుడే" అన్నాడు నాన్న. అందుకే ఒప్పుకున్నాను.

వాగులోకి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. దిగితే రెండు రోజులు కాళ్లు దురద పెడతాయి. చివరికి శివమ్మ దిగుతానంది. మా పొలం పనికి వచ్చే శివమ్మే. చిన్నప్పుడు నీకు సీతాఫలాలు తెచ్చిచ్చేది, గుర్తుందా? పొద్దున్నే నాలుగు సీసాలు నింపుకొచ్చి మా అరుగు మీద పెట్టి, తను కింద నిలబడుతుంది. నేను చీటీలు రాసి అంటించి, కాగితం మీద "నా సమక్షంలో పట్టినవి" అన్నచోట సంతకం చేస్తాను. తర్వాత అధికారి జీపులో వచ్చి సీలు వేస్తాడు. సీసాలు పెట్టెలో నువ్వు పనిచేసే లాబొరేటరీకే వస్తాయట. ఉత్తరం కూడా ఆ పెట్టెలో పెట్టమంది అమ్మ. అలా బాగుండదని పోస్టులో వేస్తున్నాను.

కౌసల్య

*

నారాయణగూడ, హైదరాబాద్
26 ఫిబ్రవరి 1996

కార్యదర్శి గారికి,

స్కూల్లో ప్రార్థన చదవమంటే జ్వరం తెచ్చుకున్నదానివి, కమిటీలో కూర్చున్నావా! మామయ్యకు నా శభాష్ చెప్పు. నీ చీటీల మీది చేతిరాత చూసి మా సారు, "ఈ అమ్మాయి కాన్వెంటా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. నా మరదలివని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఫలితం నీకు ఎలాగూ వస్తుంది కాబట్టి రాస్తున్నాను. మడ్డి హద్దులోపలే ఉంది. హద్దుకు చాలా కింద. నీళ్ల రంగు డికాక్షన్‌లా ఉంది, వాసనకు కిటికీలు తెరవాల్సి వచ్చింది, అయినా మడ్డి లేదు. కంపెనీ తొట్టి పనిచేస్తున్నట్టే ఉంది. నేనే నమ్మలేక రెండోసారి చేశాను. అదే వచ్చింది.

మీరు ఏం నీళ్లు తాగుతున్నారు? అమ్మ అడగమంది.

ఇందిర

*

తాళ్లకుంట
27 మార్చి 1996

ఇందిర వదినకు,

రెండో నెలా హద్దులోపలే అని కాగితం వచ్చింది. సమావేశంలో కంపెనీ మేనేజరు దాన్ని పైకి చదివాడు. చదివి నా వైపు తిరిగి, "చదువుకున్న పిల్లలు ఊళ్లో ఉంటే ఇదీ లాభం" అన్నాడు. అందరికీ లడ్డూ, కారప్పూస పంచారు. నా చేతిలో లడ్డూ అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను.

వాగు నువ్వు చూస్తే ఇలా రాయవు వదినా. గట్టు మీద తుమ్మలు కూడా ఎండిపోతున్నాయి. నాన్న వరి వేసిన మడిలో కింది సగం ఎర్రబడింది. పోయిన వారం పెద్దరాములు బర్రె తూము కింద నీళ్లు తాగి పడిపోయింది, మళ్లీ లేవలేదు. పెద్దరాములు శివమ్మ భర్త.

బస్టాండు దగ్గర చాయ్ హోటలు నడిపే యాదన్న మా నాన్నను చూసి, "మొగులన్నా, నీ బిడ్డ సదువు కంపెనోనికి అక్కరకొచ్చింది గదనే!" అన్నాడట. పక్కనున్నవాళ్లు నవ్వారట. నాన్న చాయ్ తాగకుండానే వచ్చాడు. నన్నేమీ అనలేదు. అన్నం తింటూ, "ఆ మిషన్ల తప్పు రాదా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. రాదని చెప్పాను. చెప్పాక నాకే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

ఒక్క నెల దాటితే చాలు. దాటడం లేదు. కళ్ల ముందు కనిపించేది కాగితం మీదికి రావడం లేదు.

తాగే నీళ్ల గురించి అత్తమ్మను దిగులు పడవద్దని చెప్పు. కంపెనీ ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. మా ఇంటి ముందే ఆగుతుంది.

కౌసల్య

*

నారాయణగూడ
15 ఏప్రిల్ 1996

కౌసల్యకు,

మూడో నెలదీ హద్దులోపలే. కానీ ఈసారి నేను సంతోషంగా లేను.

మూడు నెలల నుంచీ ఒకటి నన్ను పీకుతోంది. మడ్డి తక్కువంటే సరే, తొట్టి ఉంది. ఇసుక ఏది? మీది ఇసుక వాగు. ఎండుటాకు ముక్క, పురుగు రెక్క, గడ్డి పరక, ఏదీ లేదు. అలాంటి వాగు భూమ్మీద ఉండదు. మొన్న మూడో నంబరు సీసాలో ఒకటి దొరికింది. ఎర్ర నూలుపోగు. వేలెడు పొడవుంది.

నీళ్లు పట్టేటప్పుడు నువ్వు పక్కన ఉన్నావా? "నా సమక్షంలో" అని నాలుగు సీసాలకూ ప్రతి నెలా సంతకం చేశావు. కళ్లతో చూశావా, లేక అరుగు మీద కూర్చుని చేశావా?

ప్రాక్టికల్స్‌లో మన కాలేజీ ఫిలోమినా సిస్టర్ ఏమనేవారు? "చూడనిది రాసినవాళ్లు ఆ పేజీ మీరే చింపండి." నువ్వు ఒక్కసారీ చింపలేదు, నేను రెండుసార్లు చింపాను. అందుకే అడుగుతున్నాను.

ఇందిర

*

తాళ్లకుంట
22 ఏప్రిల్ 1996

వదినా,

చూడలేదు. వాగు దగ్గర ఉదయం పూట మగవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లలేక అరుగు మీదే కూర్చున్నాను. ఆ కాగితం మీది మాటను పట్టించుకోలేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు శివమ్మతో వాగుకు వెళ్లాను. ఎలా పడతావో ఒకసారి చూపించమన్నాను. సంబరపడింది. చీర ఎగగట్టి మోకాలి లోతుకు దిగింది. చెంబు కడిగింది. తూము కింద చెంబు ముంచింది. అంతవరకూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గట్టెక్కాక బొడ్లోంచి పాత ఎర్ర చీర ముక్క తీసి, రెండు మడతలు వేసి, సీసా మూతికి చుట్టి, దాని మీద నీళ్లు పోసింది. గుడ్డ మీద నల్లటి మడ్డి వెన్నలా నిలిచింది. దాన్ని రాతికి దులిపి మళ్లీ పోసింది.

తర్వాత అడిగాను. ఆమె అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గిదేంది శివమ్మా, వడగడుతున్నవా?"

"మరి? వడగట్టకుంట ఇస్తరా బిడ్డా మందికి నీళ్లు?"

"తాగనీకి కాదు, పరీక్షకు."

"పరీచ్చంటే తాగి సూసుడే గద! నీ వదిన ఆడ తాగుతదేమో అనుకున్న. తాగెటోళ్లకు నలుసు పొయ్యనీకి నా కండ్లు పోయినయా?"

"ఎవ్వరు తాగరు. మిషన్ల పోస్తరు."

"మిషన్ల వోసేదానికి సీసాలు గంత తెల్లగ తోమి ఎందుకు పంపిండ్రు మరి?"

ఆమె నన్ను జాలిగా చూసి, "మా అత్త నేర్పింది బిడ్డా. సుట్టం వొస్తే ముందుగాల గుడ్డ ఎతుకు, ఎన్క చెంబు ఎతుకు అన్నది. పట్నపోళ్లు మన ఊరి నీళ్లు సూసి ఛీ అనరాదని నేను పోగు పోగు సూసి కడుతున్న. నువ్వేమో మొకం గట్ల వెడ్తివి" అంది.

మూడు నెలలు హద్దులోపల ఉన్నది అందుకు.

పోచయ్య పెదనాన్నకు చెప్పాను. అధికారికి వెంటనే రాద్దామన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత, "ఇప్పుడు రాస్తే లొల్లయితది. నాలుగోది సక్కగ పట్టి పంపుదాం. ఒక్కటి దాటితే సాలు గద, తూము బందయితది. ఇగ మాట్లాడకు" అన్నాడు. మాట్లాడకు అంటే నాకు సులువే. కానీ ఈసారి సులువుగా లేదు. ఏం చేయమంటావు?

కౌసల్య

*

నారాయణగూడ
2 మే 1996

కౌసల్యకు,

శివమ్మ నేను తాగుతాననుకుందా! హాస్టల్ గదిలో పగలబడి నవ్వాను. మా రూమ్మేటు ఏమిటని అడిగితే చెప్పబోయాను. చెప్పలేకపోయాను.

రెండు మడతల పాత చీర కంపెనీ తొట్టి కంటే బాగా పనిచేసింది. ఈ మాట మీ మేనేజరుకు చెప్పు, లడ్డూలు వాపసు ఇవ్వు.

నా సలహా అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడే రాసి ఇవ్వు. నాలుగోది ఒక్కసారిగా పెరిగితే ఎందుకు పెరిగిందని అడుగుతారు. అప్పుడు చెబితే సాకులా ఉంటుంది. నాలుగోసారి నువ్వు దిగు. కాళ్లు దురద పెడితే కొబ్బరినూనె రాసుకో.

ఇందిర

*

తాళ్లకుంట
19 జూన్ 1996

ఇందిర వదినకు,

నీ సలహాలో సగమే పాటించాను.

మేలో వాగులోకి నేనే దిగాను. శివమ్మ గట్టు మీద నిలబడి, "వడగట్టు బిడ్డా, జెర నా మాటిను, ఇజ్జత్ పోతది" అంటూనే ఉంది. వడగట్టకుండానే నింపాను. మగవాళ్లు చూశారు. చూసి ఊరుకున్నారు. నేను భయపడినంత ఏమీ జరగలేదు. రాసి ఇవ్వడం మాత్రం చేయలేదు. పోచయ్య పెదనాన్న మాటకు ఎదురు చెప్పలేకపోయాను.

ఫలితం నీకు తెలుసు. హద్దుకు ఆరింతలు. ఊళ్లో ఆ రోజు యాదన్న మా నాన్నకు చాయ్ ఊరికే ఇచ్చాడట.

మొన్న పటాన్‌చెరులో కంపెనీ గెస్ట్‌హౌస్‌లో సమావేశం. నువ్వు రాసినట్టే జరిగింది. మేనేజరు నాలుగు కాగితాలూ వరసగా పరిచాడు. "అదే వాగు, అదే తొట్టి, అదే తూము. మూడు నెలలు బాగున్న నీళ్లు నాలుగో నెల ఇలా ఎలా అవుతాయి సార్? ఎవరో బురద కలిపారు. నాలుగోసారి నీళ్లు పట్టింది కార్యదర్శి గారేనని విన్నాం" అన్నాడు. అందరూ నన్ను చూశారు.

పోచయ్య పెదనాన్న కోపం పట్టలేక లేచాడు. "కలుపుడు కాదు సారూ, ముందుగాల మూడుసార్లు వడగట్టింది మా శివమ్మ! నీ తొట్టిని కాపాడింది మా ముసల్దాని కొంగు!" అనేశాడు. తర్వాత మేనేజరు నవ్వాడు. "విన్నారుగా సార్. మూడుసార్లు వాళ్లే మార్చారట. నాలుగోసారి మార్చలేదని నమ్మాలట" అన్నాడు.

అధికారి మంచివాడే. అలసిపోయి ఉన్నాడు. నాలుగు నెలల ఫలితాలూ రద్దు చేస్తున్నానన్నాడు. వానలు వెళ్లాక నవంబరు నుంచి మళ్లీ మొదలు. అప్పటిదాకా తూము తెరిచే ఉంటుంది. ఒక కాగితం తనే రాసి మా ముందు పెట్టాడు. "గ్రామస్థులు నమూనాలను తారుమారు చేసినట్టు ఒప్పుకుంటున్నారు." కింద సంతకాలు పెట్టాల్సింది పోచయ్య పెదనాన్న, నేను, శివమ్మ.

శివమ్మ బయట మెట్ల దగ్గర కూర్చుని ఉంది. లోపలికి పిలిచారు. తలుపు దగ్గరే నిలబడింది. కాగితంలో ఏముందో నన్ను చదవమంది. చదివాను.

"తారుమారంటే?"

"దొంగతనంగ మార్చుడు" అన్నాడు పోచయ్య పెదనాన్న.

"నేను దొంగతనం ఎందుకు జేస్త పటేలా? పొద్దుగాల అందరు సూస్తుండంగ గట్టు మీద కూసోని వడగట్టిన. వడగట్టిన్నని రాస్తే ఏలేస్త. దొంగనని రాస్తే నా ఏలు నా తాననే ఉంటది" అంది. చేయి కొంగులో చుట్టుకుంది.

"రెండూ ఒకటేనమ్మా. టైమవుతోంది, వేయండి" అన్నాడు అధికారి.

వదినా, నేను లేచి నిలబడ్డాను. "ఒకటి కాదు సార్" అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. ఒప్పందంలో ఒక షరతు ఉంది, ఊరివాళ్లు నమూనాలు తారుమారు చేస్తే నీళ్లు పట్టే హక్కు మా నుంచి కంపెనీ చేతికి వెళ్తుంది. పట్టే పద్ధతిలో పొరపాటు జరిగితే మళ్లీ పట్టాలి, అంతే. ఆ పేజీ తీసి చూపించాను. మేనేజరు ఇక నవ్వలేదు. ఆ మాట ఎందుకు కావాలో ఆయనకు ముందే తెలుసు.

అధికారి చాలాసేపు చదువుకున్నాడు. తర్వాత "తారుమారు చేసినట్టు" కొట్టేసి, కలం నాకిచ్చాడు. "తెలియక గుడ్డతో వడగట్టినట్టు" అని రాశాను. శివమ్మ మళ్లీ చదివించుకుంది. "తెలియక" కూడా కొట్టేయమంది. "తెలిసే వడగట్టిన. గది మర్యాద" అంది. కొట్టేశాను. అప్పుడు వేలు వేసింది.

నేనూ సంతకం చేశాను. మూడుసార్లు చూడకుండా చేశాను కాబట్టి, ఆ సంగతి కూడా నా పేరు కింద రాశాను.

బస్సులో తిరిగి వచ్చాం. ఇస్నాపూర్ దగ్గర పోచయ్య పెదనాన్న, "ఏం గెలిసినం మనం?" అన్నాడు. నీళ్లు పట్టే హక్కు అన్నాను. "అదే ఫిబ్రవరిల గెలిసినం గదా" అన్నాడు.

నాన్న ఈ ఏడు వాగు కింది మడి బీడు పెట్టాడు.

కౌసల్య

*

నారాయణగూడ
8 జులై 1996

కౌసల్యకు,

నాలుగు నెలల పని నీళ్లపాలు. మా సారు ఆ రద్దు కాగితం చూసి ఫైలు మూసి, "మంచి వేసవి వృథా" అన్నారు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. పోచయ్య మామ మీద, మేనేజరు మీద, నీ మీద, అందరి మీదా. ఏప్రిల్‌లోనే రాసి ఇచ్చి ఉంటే తూము ఇప్పటికి మూసేసి ఉండేవారు.

ఇది కోపంతో రాసిన ఉత్తరం, తర్వాత చింపెయ్యి. కానీ "ఒకటి కాదు సార్" అన్న వాక్యం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మన కౌసల్యేనా అంది.

ఒకటి మాత్రం నాకు ఇంకా అర్థం కాలేదు. పోగు పోగు చూసి కట్టడం, మడ్డి దులిపి మళ్లీ పోయడం, ఒక్క ఇసుక రేణువు కూడా జారకపోవడం... అది రోజూ చేసే చేతి పని. శివమ్మ ఇంటికి అంతమంది చుట్టాలు వస్తారా?

ఇందిర

*

తాళ్లకుంట
6 నవంబరు 1996

ఇందిర వదినకు,

మళ్లీ మొదటి నెల. నిన్న నేనూ శివమ్మా కలిసి దిగాం. అధికారి ఈసారి గట్టు దాకా వచ్చి, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు. కంపెనీ తరఫున ఒక కుర్ర కెమిస్టు వచ్చాడు. శివమ్మ సీసా నింపి, మూత పెట్టే ముందు ఆ నీళ్లను ఎండకెత్తి చూసింది. "థూ, గిట్లనే పంపుతరా మందికి" అని తనలో తనే అనుకుంది. కెమిస్టు తల దించుకున్నాడు. వడగట్టలేదు. నాలుగు సీసాలకూ సీలు పడింది. అవి జీపులో వస్తాయి.

తూము రాత్రి పూట ఇంకా పారుతూనే ఉంది. అమ్మ పట్టీలు తీసి పెట్టెలో పెట్టేసింది, తోమలేక.

నీ జులై ఉత్తరానికి జవాబు ఇంతవరకూ రాయలేదు. నువ్వడిగిన ప్రశ్నకు జవాబు నాకు అప్పుడే తెలుసు. ఫిబ్రవరిలో, మీరు ఏం నీళ్లు తాగుతున్నారని నువ్వడిగినప్పుడూ తెలుసు. ట్యాంకరు మా ఇంటి ముందే ఆగుతుందని రాశాను. అది నిజం. మా ఇంటి ముందు ఆగి, మా వీధిలోవాళ్లు పట్టుకున్నాక అక్కడే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది.

ఈ ఉత్తరం నాన్న చేత పంపుతున్నాను. ఆయన సంచిలో ఐదో సీసా ఒకటి ఉంది. దానికి నంబరు లేదు, సీలు లేదు, ఒప్పందంలో అది లేదు. వీలైతే అన్ని పరీక్షలూ చెయ్యి, రంగు, ఉప్పు కూడా. వాగు ఒడ్డున ఇసుకలో తవ్విన చెలిమలోంచి శివమ్మ వాడవాళ్లు రోజూ తాగే నీళ్లు అవి. వడగట్టినవే.

కౌసల్య